ఫిల్టరు జాలి ఎందుకు తీసేశారు?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "అగ్రికల్చరల్ ఇంజినీరింగు చదివి ఏడాది కిందట ఉద్యోగంలో చేరాను. కళ్యాణదుర్గం వైపు ఊళ్ళల్లో డ్రిప్పు, అంటే పైపులతో చెట్టు మొదట్లో చుక్కలుగా నీళ్ళు వదిలే ఏర్పాటు, ఎలా చూసుకోవాలో రైతులకు చెప్పడం నా పని. స్లైడ్లన్నీ తెలుగులోనే తయారు చేసుకున్నాను. అందరూ శ్రద్ధగా వింటారు, అర్థమైందా అంటే అయింది సార్ అంటారు. నెల తర్వాత పొలానికి వెళ్తే ఫిల్టరు లోపలి జాలి తీసి పక్కన పడేసి ఉంటుంది. ఇంకెంత సులభంగా చెప్పాలి?"

తమ్ముడూ, మీరు ఇప్పటికే సులభంగా చెబుతున్నారని మీ ప్రశ్న చూస్తేనే తెలుస్తోంది. ఇంకా సులభం చేసినా ఆ జాలి మళ్ళీ ఫిల్టరులోకి వెళ్ళదు. ముందు ఆ రైతు దాన్ని ఎందుకు తీశాడో మనం తెలుసుకోవాలి. నేను 2003లో సూక్ష్మ సేద్య పథకం మొదలైన కొత్తలో అనంతపురం జిల్లాలో డ్రిప్పు బిగించే పనిలోకి వచ్చాను. తర్వాత కొన్నేళ్ళు ఐటీఐ పిల్లలకు మోటార్ల పాఠాలు కూడా చెప్పాను. మీరు చూసిందే నేనూ చూశాను. మొదటి రెండేళ్ళు నాకూ కారణం అంతుపట్టలేదు.

నార్పల దగ్గర ఒక చీనీ (బత్తాయి) తోటలో తెలిసింది. అక్కడ కూడా జాలి తీసేసి షెడ్డు గోడకు ఆనించారు. ఎందుకు తీశారని ఆ పెద్దాయనను మర్యాదగానే అడిగాను. ఆయన ఏమాత్రం తడుముకోకుండా చెప్పాడు: "అది ఉంటే నీళ్ళు సన్నగా వస్తాండాయి సార్. తీసేస్తే బాగా వస్తాండాయి. నువ్వే చూడు." మోటరు వేసి చూపించాడు. నిజంగానే బాగా వచ్చాయి.

ఆలోచించి చూడండి. ఆయన ఒక లోపం గమనించాడు, కారణం ఊహించాడు, ఆ కారణాన్ని తొలగించాడు, ఫలితం కళ్ళారా చూశాడు. ఇంజినీరు చేసేదీ ఇదే. ఫిల్టరు చాలా ముఖ్యమని మనం మీటింగులో చెప్పిన మాట ఒకవైపు, తన కళ్ళతో చూసిన నీళ్ళు ఇంకోవైపు. ఎవరైనా నీళ్ళనే నమ్ముతారు. మన మాటలో ఆయన చూసినదానికి జవాబు లేదు, అదే మన పొరపాటు.

ఆ రోజు నా సంచిలో పాత డ్రిప్పరు, అంటే పైపు నుంచి చెట్టుకు నీళ్ళు చుక్కలుగా వదిలే చిన్న ముక్క, ఒకటి ఉంది. బ్లేడుతో నిలువుగా కోసి ఆయన అరచేతిలో పెట్టాను. లోపల పాము నడిచినట్టు మెలికల దారి ఉంటుంది కదా, ఆ దారి వెడల్పు మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. ఆయన కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఎనిమిదేళ్ళుగా తోటలో డ్రిప్పు ఉంది, లోపల ఏముందో చూడటం అదే మొదటిసారి. అప్పుడు టీ జాలి సంగతి ఎత్తాను. జాలి నిండితే టీ గ్లాసులోకి సన్నగా దిగుతుంది. జాలి తీసేస్తే ధారగా పడుతుంది, కానీ పొడి అంతా గ్లాసులోకి వస్తుంది. "ఇక్కడ నీ గ్లాసులు ఎన్ని పెద్దాయనా?" అని అడిగాను. ఆయనే లెక్క వేసుకున్నాడు. చెట్టుకు నాలుగు చొప్పున రెండు వేలకు పైగా తేలాయి. ఒక జాలి కడుక్కోవడమా, రెండు వేల డ్రిప్పర్లు కడుక్కోవడమా అన్న మాట నేను అనాల్సిన అవసరం రాలేదు.

అంతటితో అయిపోలేదు. ఆయన కొడుకు మంచి ప్రశ్న వేశాడు. "ఇసుక రేణువు ఈ దారి కంటే చిన్నదే కదా సార్, ఎట్లా ఇరుక్కుంటాది?" ఇలాంటి ప్రశ్న వచ్చిందంటే మీ పాఠం నిజంగా మొదలైందని లెక్క. మామూలుగా వాడే 120 మెష్ జాలిలో (అంగుళం పొడవున 120 కంతలు ఉండేది) ఒక్కో కంత సుమారు 0.13 మిల్లీమీటర్లు, అంటే డ్రిప్పరు దారిలో ఎనిమిదో వంతో పదో వంతో. అంత సన్నగా ఎందుకు? నేను వాళ్ళ గొర్రెల దొడ్డి వైపు చూపించాను. గేటు ఒక గొర్రె కంటే వెడల్పే. అయినా నాలుగు ఒక్కసారి దూరితే ఇరుక్కుని ఆగిపోతాయి. రేణువులు కూడా మెలికల దగ్గర అలాగే ఒకదానికొకటి అడ్డం పడతాయి. ఆ పిల్లవాడు నవ్వి తల ఊపాడు. అది మీటింగులో చూసే తల ఊపు కాదు, తేడా మీకే తెలుస్తుంది.

కాబట్టి మీకు నేను చెప్పే మొదటి మాట ఇదే. స్లైడు తెరవకముందే, వాళ్ళు ఇప్పటికే ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో అడగండి. తప్పు పట్టుకోవడానికి కాదు, నేర్చుకోవడానికి అడగండి. కొత్తవాళ్ళ బుర్ర ఖాళీ కుండ కాదు. అందులో అప్పటికే ఒక లెక్క ఉంటుంది, చాలావరకు అది సరైన లెక్కే, ఎక్కడో ఒక మెట్టు తక్కువ ఉంటుంది. ఆ మెట్టు ఏదో తెలియకుండా మనం పైనుంచి ఎంత చెప్పినా వాళ్ళ తల మీదుగా పోతుంది.

రెండోది, కొలతలు. ఫోర్ ఎల్‌పీహెచ్ డ్రిప్పరు అంటాం. గంటకు నాలుగు లీటర్లు అని తెలుగులో చెప్పినా అది గాలిలో మాటే. గంట సేపు ఎవరూ డ్రిప్పరు దగ్గర కూర్చోరు. లీటరు నీళ్ళ బాటిల్ ఒకటి తీసుకెళ్ళండి. డ్రిప్పరు కింద చిన్న గుంత తీసి బాటిల్ పెట్టించండి. పదిహేను నిమిషాల్లో నిండాలి. మొదటి చెట్టు దగ్గర ఒకటి, ఆ లైను చివరి చెట్టు దగ్గర ఒకటి పెట్టించండి. మొదట్లో బాటిల్ నిండి, చివర సగమే నిండితే ఇంక మీరేం మాట్లాడక్కర్లేదు, వాళ్ళే అడుగుతారు. పైపు మధ్యలో ఎక్కడైనా కారుతోందా, చివర బురద చేరిందా, ఒకేసారి ఎక్కువ చెట్లకు వదిలారా అని చర్చ వాళ్ళలోనే మొదలవుతుంది.

ఆ చర్చలో వాల్వుల సంగతి వస్తుంది. ఒకేసారి తోటంతా ఎందుకు పారించకూడదు? ఇక్కడ 200 లీటర్ల డ్రమ్ము మనకు పనికొస్తుంది. బోరు పైపు డ్రమ్ములో పెట్టి ఫోనులో టైము చూడమనండి. 80 సెకన్లలో నిండిందనుకుందాం. అంటే సెకనుకు రెండున్నర లీటర్లు, గంటకు 9,000 లీటర్లు. డ్రిప్పరు ఒక్కోటి గంటకు నాలుగు తాగుతుంది కాబట్టి ఆ బోరు ఒకేసారి 2,250 డ్రిప్పర్లను మాత్రమే పోషించగలదు. ఇరవై అడుగులకొక చీనీ చెట్టు పెడితే ఎకరాకు సుమారు 108 చెట్లు, చెట్టుకు నాలుగు డ్రిప్పర్లైతే 432. అంటే ఐదెకరాలు. ఎనిమిదెకరాల తోటను రెండు భాగాలు చేసి వాల్వు మార్చి పారించాలని ఈ లెక్కే చెబుతుంది. బోరు పడినప్పుడు ‘రెండించుల నీళ్ళు’ అని చెప్పుకునే రైతుకు నీటిని కొలవడం కొత్త విద్యేం కాదు. ఆ కొలతకు, మన లీటర్ల కొలతకు మధ్య డ్రమ్మును వంతెనగా వేస్తున్నాం. లెక్క కూడా మీరు బోర్డు మీద వేయకండి, వాళ్ళలో ఒకరి చేత ఫోను కాలిక్యులేటరులో వేయించండి. తాను వేసిన లెక్కను మనిషి మర్చిపోడు.

ఇక మాటల సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్ళం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

స్లైడ్లు తెలుగులో ఉన్నాయని రాశారు. బిందు సేద్యం, పీడనం, ఉద్గారిణి అని రాశారా? అయితే అవి ఆ రైతుకు ఇంగ్లీషు కంటే దూరం. ఆయన నోట్లో ఉన్న మాట డ్రిప్పు. నీళ్ళ ఒత్తిడిని ఫోర్సు అంటాడు. ఫర్టిగేషన్‌ను ‘డ్రిప్పులో మందు వదలడం’ అంటాడు. ఇంగ్లీషు తీసేసి సంస్కృతం పెట్టినంత మాత్రాన మాట సులభం కాదు. మా తెలుగు మాస్టార్లు కోప్పడినా నేను ఇదే అంటాను: వినేవాడి నోట్లో ఏ మాట తిరుగుతుందో అదే తెలుగు.

అంతకంటే ప్రమాదం, ఇద్దరికీ తెలిసిన మాటే అయినా ఇద్దరికీ వేరు వేరు అర్థాలు ఉండటం. ‘ఒక కేజీ ప్రెజర్ ఉండాలి’ అని మనం అలవాటుగా అనేస్తాం. వినేవాడు కేజీ అంటే బరువు అనుకుంటాడు, నీళ్ళకు బరువేంటని లోలోపల తికమక పడతాడు, పైకి అడగడు. నిజానికి ఆయన అనుకున్నది తప్పు కాదు. బొటనవేలి గోరంత చోటు, అంటే దాదాపు ఒక చదరపు సెంటీమీటరు, దాని మీద కేజీ రాయి పెడితే ఎంత అదుముతుందో పైపు లోపలి గోడను నీళ్ళు అంత అదుముతున్నాయని అర్థం. పది మీటర్ల ఎత్తున్న ట్యాంకు కింద కుళాయి తిప్పితే వచ్చే ఫోర్సు కూడా అంతే. ఈ రెండు మాటలు చెప్పాక, ప్రెజర్ ఎంతో చూపించే గేజు ముల్లు చూపించండి. ఫిల్టరుకు ముందు ఒక గేజు, తర్వాత ఒక గేజు ఎందుకు పెట్టామో వెంటనే అందుతుంది. రెండింటి మధ్య తేడా అర కేజీ దాటితే జాలి కడగాలి. ముందు వస్తువు చూడాలి, తర్వాత అది చేసే పని, పేరు చివర్లో రావాలి. మనం చదువుకున్నప్పుడు పేరు ముందు రాసి నిర్వచనం తర్వాత రాసేవాళ్ళం కాబట్టి చెప్పేటప్పుడూ అదే వరస పట్టుకుంటాం.

అన్నిటికంటే పెద్ద చిక్కు ‘కరెంటు’ అనే మాటతో. ఐటీఐలో మొదటి వారంలోనే ఒక అబ్బాయి లేచి అడిగాడు: "వోల్టేజీ తగ్గితే కరెంటు ఎక్కువ లాగుతుంది అంటారు. కరెంటు తక్కువ వస్తే కరెంటు ఎట్లా ఎక్కువైతాది సార్?" క్లాసంతా నవ్వింది. నేను వాళ్ళను ఆపాను, ఎందుకంటే ఆ పిల్లవాడు అడిగింది సరైన ప్రశ్న. మనం ఇంట్లో కరెంటు వచ్చింది, పోయింది అంటే సరఫరా మొత్తం అని అర్థం. ఇంజినీరింగులో కరెంటు అంటే ఆంపియర్లు మాత్రమే. ఒకే వాక్యంలో రెండు అర్థాలు గుద్దుకున్నాయి. ఆ రోజు నుంచి నేను మోటరు పాఠంలో కరెంటు అనే మాటే వాడను. సరఫరాకు సప్లై అంటాను, లోపల పారేదానికి ఆంపియర్లు అంటాను. స్టార్టరు డబ్బా మీద ఆ మీటరు పేరు కూడా అదే కాబట్టి పిల్లలు వెంటనే పట్టుకుంటారు. మీ విషయంలో ఇలాంటి మాటలు ఏవేవి ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. నాకు పదేళ్ళలో పద్దెనిమిది దొరికాయి.

పోలికలు బాగా పనిచేస్తాయి, కానీ ఎక్కడ ఆపాలో తెలియాలి. కరెంటును పైపులో నీళ్ళతో పోల్చడం అందరికీ అలవాటే. వోల్టేజీ ఫోర్సు అనుకో, ఆంపియర్లు పారే నీళ్ళు అనుకో. కొంతదూరం బాగానే వెళ్తుంది. తర్వాత ఒక అబ్బాయి, వైరు తెగితే అందులో ఉన్న కరెంటు కింద కారిపోదా అని అడుగుతాడు. అక్కడ పోలిక అయిపోయింది. నీళ్ళు తెగిన పైపులోంచి కారతాయి, ఆంపియర్లు మాత్రం పూర్తి చుట్టు ఉంటేనే పారుతాయి, తెగితే ఆగిపోతాయి. అయితే తెగిన చివర సప్లై ఉంటుంది, చేయి పెడితే ఆ చుట్టును మన ఒళ్ళే పూర్తి చేస్తుంది. ఈ మాట చెప్పకుండా పోలికను అక్కడే వదిలేసి ఇంటికి పంపితే ప్రాణాల మీదికి వస్తుంది.

లో వోల్టేజీలో మోటరు ఎందుకు కాలుతుందో వయసు మళ్ళిన రైతులకు చెప్పడానికి నేను కపిల బానను గుర్తు చేసేవాణ్ణి. ఎద్దులతో బావి నీళ్ళు తోడటం చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఎద్దుకు మేత తగ్గితే నెమ్మదిస్తుంది, బాన ఆలస్యంగా పైకి వస్తుంది. మోటరు అలా చేయదు. వోల్టేజీ తగ్గినా పెద్దగా నెమ్మదించకుండా, అదే నీళ్ళు లాగడానికి ఎక్కువ ఆంపియర్లు తీసుకుంటుంది, లోపల చుట్టిన తీగ, అంటే వైండింగు, వేడెక్కుతుంది. ఎద్దు అలసిపోతే మనకు కనిపిస్తుంది, మోటరుకు మాత్రం ఆంపియర్ మీటరు చూస్తే తప్ప తెలియదు. ఇక్కడ పోలిక కలిసినచోటు కంటే తెగినచోటే ఎక్కువ నేర్పింది.

చిన్న పక్కదారి. ధర్మవరంలో నేత కుటుంబాల పిల్లలకు కంప్యూటరు నేర్పే మిత్రుడు ఒకాయన ఉన్నాడు. ప్రోగ్రాము అంటే ఏమిటో చెప్పలేక అవస్థ పడేవాడు. మగ్గం మీద జకార్డు అట్టలు చూడమన్నాను. అట్టలో కంత ఉంటే ఆ పడుగు దారం లేస్తుంది, లేకపోతే లేవదు. అట్టల వరస మారిస్తే అంచు మీద బుటా మారుతుంది, మగ్గం మారదు. ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన ఆ మగ్గాన్ని తయారుచేసింది 1804 ప్రాంతంలో. కంప్యూటర్లకు తొలి రోజుల్లో ఆదేశాలు ఇచ్చింది కూడా ఇలాంటి కంతల అట్టలతోనే. ఆ పిల్లలు పుట్టినప్పటి నుంచి ప్రోగ్రాము పక్కనే పడుకుంటున్నారు, దానికి ఆ పేరు ఉందని తెలియదు అంతే.

అన్నీ వదిలేయమని మాత్రం నేను అనడం లేదు. సులభం చేయాలన్న ఆత్రంలో తీయకూడనిది తీసేస్తే అది మోసం. మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. బిందె అడుగున పేరుకునే తెల్లటి పొరే డ్రిప్పరులోనూ పేరుకుంటుంది, దాన్ని కరిగించడానికి యాసిడ్ వదులుతాం. ఇక్కడ రసాయన సమీకరణం అక్కర్లేదు. కానీ రెండు సంగతులు ఎన్నిసార్లైనా చెప్పాలి, చేయించి చూడాలి. నీళ్ళలో యాసిడ్ కొద్దికొద్దిగా పోయాలి, యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదు, చిమ్మి కళ్ళలో పడుతుంది. పాచి పోవడానికి వాడే బ్లీచింగ్‌ను యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. మీ నలభై స్లైడ్లలో ముప్పై ఐదు తీసేసినా పర్వాలేదు, ఈ రెండూ మాత్రం ఉండాలి.

‘అర్థమైందా’ అని అడగడం ఈ రోజు నుంచే మానేయండి. పదిమంది ముందు, తనకంటే ముప్పై ఏళ్ళు చిన్నవాడైన ఇంజినీరుతో, నాకు అర్థం కాలేదని ఏ పెద్దమనిషీ అనడు. అది ఆయన మర్యాదకు సంబంధించిన విషయం. దాని బదులు "పెద్దాయనా, ఈ ఫిల్టరు ఒకసారి విప్పి కడిగి మళ్ళీ బిగించండి, మేం చూస్తాం" అనండి. లేదా "రేపు మీ బావమరిది కొత్తగా డ్రిప్పు వేయించి ఇదెందుకు అని అడిగితే ఏం చెప్తారు?" అని అడగండి. ఆయన చెప్పే మాటల్లో మీరు వాడిన పోలిక రాకపోవచ్చు, ఆయనదే ఇంకోటి వస్తుంది. బాగుంటే రాసుకోండి. గొర్రెల గేటు నాకు ఆ రోజు ఆ దొడ్డి చూస్తే తట్టింది, కానీ టీ జాలి గార్లదిన్నెలో ఒక రైతు ఇచ్చింది.

ఇంకొక సంగతి ఎవరూ అంతగా పట్టించుకోరు. మీటింగుకు వచ్చేది మగవాళ్ళు. లైన్ల చివర ఎండ్ క్యాపులు విప్పి బురద నీళ్ళు వదిలేది, మూసుకుపోయిన డ్రిప్పరును ముందుగా గమనించేది చాలా తోటల్లో ఆడవాళ్ళు. ఏ చెట్టు కింద తేమ లేదో వాళ్ళకు తెలుసు, ఎందుకో ఎవరూ చెప్పలేదు. పంచాయతీ ఆఫీసులో మధ్యాహ్నం మీటింగు పెడితే వాళ్ళు రారు. పొద్దున ఏడు గంటలకు తోటలోనే పెట్టండి. వాళ్ళు అక్కడే ఉంటారు, బోరు అక్కడే ఉంటుంది, ఎండ కూడా ఎక్కదు.

తెలియని ప్రశ్న వస్తే తెలియదనే చెప్పండి. తెలుసుకుని ఫలానా రోజు చెప్తానని మాట ఇవ్వండి, ఆ రోజు వెళ్ళండి. రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే చెప్పేవాళ్ళు ఉన్నారు. మీరు ఒక్కసారి అలా తిరిగి వెళ్తే తర్వాతి మీటింగులో వాళ్ళు కూడా తమకు తెలియదని ధైర్యంగా అంటారు.

వచ్చే మీటింగుకు ప్రొజెక్టరు వద్దు. లీటరు బాటిళ్ళు నాలుగు, ఒక బ్లేడు, నిండిపోయిన జాలి ఒకటి, కడిగిన జాలి ఒకటి, ఊళ్ళో దొరికే డ్రమ్ము చాలు. ముందు జాలి తీసేసిన రైతునే పిలిచి, అది తీస్తే ఏమైందో అందరికీ చెప్పమనండి. ఆయన చెప్పింది నిజమేనని ఒప్పుకుని అక్కడినుంచి మొదలుపెట్టండి. కోయడానికి పాత డ్రిప్పర్లు నా దగ్గర ఒక సంచి నిండా ఉన్నాయి. ఈసారి అనంతపురం వచ్చినప్పుడు తీసుకెళ్ళండి.